షోకేసులో గల్ఫ్ కాలం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పాత ఇళ్లకు పోతే ముందుగదిలో అద్దాల షోకేసు కనబడుతుంది. దుబాయ్, మస్కట్ నుంచి వచ్చినవాళ్లు బట్టల మడతల్లో చుట్టి తెచ్చిన గాజు హంసలు, అక్రిలిక్ బొమ్మలు అందులో ఉంటాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని విదేశీ గాజుసామాను చూసి అబ్బురపడతాం. వలసపోయినోళ్ల చెమటతో వచ్చిన వీటికీ అంతే విలువ ఇవ్వాలి.

అందుకే ఈ సంచికను వీటి సేకరణకు కేటాయించాం. ముందు ఏది గాజో, ఏది అక్రిలిక్కో గుర్తుపట్టాలి. గాజు చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది. అక్రిలిక్ తేలిక, తొందరగా గీతలు పడుతుంది. దాన్ని స్పిరిట్ కలిసిన క్లీనర్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు రావచ్చు. తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి నూలుగుడ్డ చాలు.

పాతవని పారేసేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎవరు, ఏ ఏట, ఎక్కడినుంచి తెచ్చారో చీటీ మీద రాసి ఆ బొమ్మ కింద పెట్టండి.

— సంపాదకుడు