వంకాయ రంగు ఎవరికి నప్పుతుంది?

హిందీలో ‘బైంగనీ’ అంటారు, మనం ‘వంకాయ రంగు’ అంటాం. ఢిల్లీకీ మన ఊళ్ళకూ మధ్య రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టే దూరం ఉన్నా, ఈ రంగుకు పేరు పెట్టేటప్పుడు ఇద్దరూ చూసింది ఒకే కూరగాయను. పాఠ్యపుస్తకంలో దీన్ని ఊదా అని రాస్తారు. మా అమ్మమ్మ మాత్రం ఒక్క పేరుతో సరిపెట్టుకోదు. కాస్త ఎరుపు తిరిగితే వంగపండు రంగు, లేతగా ఉంటే వంగపూత రంగు, నల్లగా నిగనిగలాడితే నేరేడుపండు రంగు. చలికాలంలో జడలో పెట్టుకునే డిసెంబరం పూలది మరో రంగు. ఒక రంగుకు ఇన్ని పేర్లు ఉన్నాయంటే మనవాళ్ళు దాన్ని ఎంతో శ్రద్ధగా చూశారన్నమాట.

అయినా ఇంట్లోనూ బట్టల కొట్లోనూ ఈ రంగు గురించి ఎక్కువగా వినిపించే మాట ‘నప్పదు’. గోడకు నప్పదు, గది చీకటైపోతుంది. పిల్లకు నప్పదు, ఇంకా నల్లగా కనిపిస్తుంది. ఈ రెండు మాటలూ వేరువేరు విషయాల గురించి చెప్పినట్టు ఉన్నా, రెండింటికీ జవాబు ఒకటేనని నా అభిప్రాయం. ఒక రంగు నప్పడం, నప్పకపోవడం దాని మీద పడే వెలుతురును బట్టీ, దాని పక్కనున్న రంగును బట్టీ ఉంటుంది. గది అద్దెదా సొంతదా, మనిషి నలుపా తెలుపా అన్నదాన్ని బట్టి కాదు.

ఒకప్పుడు ఈ రంగు నిజంగానే అందరికీ అందేది కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇప్పటి లెబనాన్‌లో ఉన్న టైర్ పట్టణంలో, మ్యూరెక్స్ అనే సముద్రపు నత్తల నుంచి దీన్ని తీసేవారు. 1909లో పాల్ ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలను తీసుకుని ఆ పని చేస్తే, చివరికి చేతికి వచ్చిన రంగు 1.4 గ్రాములు! ఒక చీర అంచుకు రంగు వెయ్యాలంటే ఎన్ని నత్తలు కావాలో ఊహించుకోండి. అందుకే రోమ్ చక్రవర్తులు దాన్ని తమ గుర్తుగా ఉంచుకుని, మిగిలినవాళ్ళు ధరించడం మీద ఆంక్షలు పెట్టారు.

ఆ రోజులు మారడానికి కారణం దాదాపు మన వయసువాడే. 1856లో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ళ విద్యార్థి, ఈస్టర్ సెలవుల్లో, ఇంట్లో ఉన్న చిన్న ప్రయోగశాలలో మలేరియా మందు క్వినైన్‌ను తయారుచేయాలని ప్రయత్నించాడు. మందు రాలేదు. నల్లటి ముద్ద ఒకటి మిగిలింది. దాన్ని ఆల్కహాలులో కరిగిస్తే అందమైన ఊదా రంగు వచ్చింది, అది పట్టుకు చక్కగా పట్టింది. పన్నెండో తరగతి కెమిస్ట్రీలో మనం చదివే అనిలీనే ఆ కథకు మూలం. ఆ రంగుకు ‘మావ్’ అని పేరు వచ్చింది. రెండేళ్ళకు విక్టోరియా రాణి తన కూతురి పెళ్ళిలో ఆ రంగు గౌను వేసుకుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీల పుణ్యమా అని అది రాణుల దగ్గర నుంచి వీధిలోకి వచ్చేసింది. ఇవాళ సరోజినీ నగర్ మార్కెట్లో ఊదా రంగు దుపట్టాకూ ఎర్ర దుపట్టాకూ ధరలో తేడా ఉండదు.

అంటే చక్రవర్తి ఆజ్ఞ పోయింది, ఖరీదు అడ్డు కూడా పోయింది. ఇక మిగిలింది ‘నప్పదు’ అనే అడ్డు ఒక్కటే.

దాని సంగతి కూడా ఎప్పుడో తేలిపోయింది. పారిస్‌లో గోబెలిన్ అనే పేరున్న నేత కార్ఖానాలో అద్దకం విభాగాన్ని చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, అక్కడి నల్లదారం వెలిసిపోయినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే దారంలో ఏ లోపమూ లేదు. పక్కన నేసిన ఇతర రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోంది. ఒక రంగు తన పక్కనున్న రంగు రూపాన్నే మార్చేస్తుందని ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. మన ఇళ్ళల్లో అదే విషయం వంగపువ్వు చెబుతుంది. రేకులు లేత ఊదా, మధ్యలో పసుపు కేసరాలు. ఆ పసుపు వల్ల ఊదా, ఊదా వల్ల పసుపు రెండూ వెలుగుతాయి. రంగుల చక్రంలో ఇవి రెండూ ఎదురెదురుగా ఉంటాయని డ్రాయింగ్ క్లాసులో నేర్చుకుంటాం. వంకాయ రంగు పట్టుచీరకు పసుపు అంచు పెట్టిన నేతగాడికి ఆ చక్రం ఎవరూ చూపించి ఉండరు.

మన పక్కనే ఉన్న హౌజ్ ఖాస్ మెట్రో స్టేషన్లో ఒకసారి తలెత్తి బోర్డులు చూడండి. అక్కడ ఎల్లో లైన్, మెజెంటా లైన్ కలుస్తాయి. పసుపు పట్టీ పక్కన మెజెంటా పట్టీ ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, పట్టకంలోంచి వచ్చే ఏడు రంగుల్లో వయొలెట్ ఉంది కాని మెజెంటా లేదు. ఎరుపు, నీలం కాంతులు కలిసి కంట్లో పడితే మన మెదడు దాన్ని చూపిస్తుంది. రంగు అనేది వస్తువుకు అంటిపెట్టుకుని ఉండే గుణం కాదనీ, వస్తువూ వెలుతురూ కన్నూ కలిసి చేసే పని అనీ దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇప్పుడు గదుల సంగతికి వద్దాం. కటవారియా సరాయ్ సందులు మనకు తెలియనివి కావు. నాలుగైదు అంతస్తుల ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గేట్ పరీక్షకో, సివిల్స్‌కో చదవడానికి గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన అన్నయ్యలు, అక్కయ్యలు అలాంటి ఇళ్ళలో ఒక్కో గదిలో ఉంటారు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. మధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వెయ్యాల్సిందే. అలాంటి గదికి నాలుగు గోడలకూ ముదురు ఊదా వేస్తే గుహలా అయిపోతుందన్న మాట నిజమే. పైగా అద్దె గోడకు రంగు వెయ్యడానికి ఇంటి యజమాని ఒప్పుకోడు. కాని ‘ఊదా వద్దు’ అనడానికి ఇది కారణం కాదు, ‘ఊదా ఎంత, ఎక్కడ’ అని ఆలోచించడానికి కారణం.

కూరలో ఉప్పులాగే దీనికీ ఒక కొలత ఉంది. ముదురు రంగు కొంచెం చోట, లేత రంగు ఎక్కువ చోట. గోడ తెల్లగానే ఉండనివ్వండి. మంచం మీద వంగపూత రంగు దుప్పటి, కుర్చీ మీద ముదురు వంకాయ రంగు దిండు ఒక్కటి, బల్ల మీద పసుపు పచ్చని పెన్నుల డబ్బా. ఆ గది వెంటనే ఒక మనిషి ఉంటున్న గదిలా కనిపిస్తుంది. కర్టెన్ కొనక్కర్లేదు. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరను కొలత చూసి కుట్టిస్తే చాలు, ఖర్చు కుట్టుకూలే. కాకపోతే నేరుగా ఎండ తగిలే కిటికీకి వేస్తే రంగు త్వరగా వెలుస్తుంది కనుక వెనక తెల్ల గుడ్డ జత చెయ్యాలి. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతకాలి, లేకపోతే తెల్ల చొక్కాలన్నీ వంగపూత రంగుకు తిరుగుతాయి. బల్బు కూడా చూసుకోవాలి. పసుపు వెలుగు బల్బు కింద ఊదా మట్టిరంగుకు తిరుగుతుంది, తెల్ల వెలుగులో నిలబడుతుంది. అందుకే గుడ్డ కొనేముందు కొట్టు బయటికి తెచ్చి ఎండలో చూడటం మన పెద్దవాళ్ళ అలవాటు. అది చాదస్తం కాదు, సైన్సే.

ఇంటికి దూరంగా ఉండి చదువుకునేవాళ్ళకు ఇవన్నీ ఎందుకు అని అడిగేవాళ్ళు ఉన్నారు. రెండేళ్ళు, మూడేళ్ళు ఆ గదిలోనే తెల్లవారాలి, ఆ గదిలోనే రిజల్టు చూసుకోవాలి. ఆ గది నాది అనిపించడానికి ఒక దుప్పటి చాలంటే, అది అనవసరపు ఖర్చని నేను అనుకోను.

గది విషయంలో ‘నప్పదు’ అంటే పోయేది ఒక దుప్పటి. మనిషి విషయంలో అంటే పోయేది అంతకంటే పెద్దది. ఒకచోట ఒక కార్యక్రమానికి ఎనిమిది మంది అమ్మాయిలం బృందనృత్యం నేర్చుకున్నాం. వంకాయ రంగు లంగా, పసుపు ఓణీ అనుకున్నారు. దుస్తులు పంచిన రోజున మాలో ఒకమ్మాయిని మాత్రం పక్కకు పిలిచి, “నీ రంగుకు ఇది నప్పదమ్మా, నువ్వు ఈ పిస్తా రంగు వేసుకుని వెనక వరసలో ఉండు” అన్నారు. ఆమె నవ్వుతూనే తీసుకుంది. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మంచి చేస్తున్నామనే అనుకున్నారు. తీరా స్టేజి మీద పసుపు లైట్లు వేసేసరికి మిగతా ఏడుగురి లంగాలూ మట్టిరంగులో కనిపించాయి. ఏ ఒంటికి ఏ రంగు నప్పిందో చూసినవాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. కాని ఆ అమ్మాయి ఆ తర్వాత ఏ డ్యాన్సుకూ పేరివ్వలేదు.

మనం ఆలోచించాల్సింది ఇక్కడే. కృష్ణుణ్ణి నీలమేఘశ్యాముడని పాడుకుంటాం. ఆ నల్లనయ్యకు కట్టింది పీతాంబరం, అంటే పచ్చని పట్టు. ముదురు ఒంటిరంగు మీద నిండైన రంగు ఎంత బాగుంటుందో మన బొమ్మలు గీసినవాళ్ళకు తెలుసు. అదే ఒంటిరంగు పక్కింటి పిల్లకు ఉంటే మాత్రం లేత రంగులు చూపించమంటాం. 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. డబ్బా మీద పేరు మార్చడం తేలికే. ‘ఆ రంగు నీకు నప్పదు’ అనే మాట మన నోటి నుంచి పోవడమే కష్టం, ఎందుకంటే అది వినడానికి తిట్టులా ఉండదు, సలహాలా ఉంటుంది.

ఏ రంగైనా ఎవరికైనా నప్పుతుందని నేను వాదించడం లేదు. ఒక ఛాయ ఒకరి మీద ఎక్కువ వెలగవచ్చు, ఇంకొకరి మీద తక్కువ వెలగవచ్చు. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఛాయ మార్చి చూడటం. వంకాయ రంగు బాగా లేదా, వంగపూత రంగు చూడండి. ఓణీ మార్చండి. జడలో నాలుగు బంతిపూలు పెట్టండి. కిటికీ దగ్గర నిలబెట్టి చూడండి. ఇన్ని మార్గాలు వదిలేసి మనిషినే వెనక వరసకు మార్చడం ఎందుకు?

రంగులకు అర్థాలు కూడా మనుషులు పెట్టినవే. థాయిలాండ్‌లో ఊదా రంగు వితంతువుల సంతాపానికి గుర్తు. క్యాథలిక్ చర్చిల్లో ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలంలో గురువులు ఆ రంగు వస్త్రం వేసుకుంటారు. రోమ్‌లో అది అధికారం. మన ఊళ్ళో అది కూరగాయ, పువ్వు, పట్టుచీర. జూన్, జూలై నెలల్లో ఢిల్లీ రోడ్ల మీద నేరేడుపళ్ళు రాలి కాలిబాటలన్నీ ఆ రంగే అవుతాయి. ఆ చెట్టు కింద నిలబడి పళ్ళు తిన్న ప్రతి పిల్లాడి నాలుకా ఒకే రంగులోకి మారుతుంది. నల్లవాడి నాలుకకు నప్పదని నేరేడుపండు అనుకోదు కదా!

మన స్కూల్లో నాలుగు హౌసులకూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఉన్నాయి. ఊదాకు హౌసు లేదు, కాబట్టి దాన్ని ఏ హౌసు వాళ్ళైనా వాడుకోవచ్చు. ఈసారి డిస్‌ప్లే బోర్డు పోటీలో ముదురు ఊదా చార్టు మీద పసుపు అక్షరాలు, తెల్ల అక్షరాలు రాసి చూడండి, వరండా చివరి నుంచి కూడా చదవవచ్చు. నల్ల అక్షరాలు రాస్తే మాత్రం దగ్గరికెళ్ళినా కనిపించవు. స్టేజి వెనక ఊదా తెర కడితే తెల్ల లైట్లు వెయ్యండి, ముందు బంతిపూల దండలు కట్టండి.

వార్షికోత్సవానికి దుస్తులు ఎంచే టీచర్లకూ, సీనియర్ అక్కయ్యలకూ నా విన్నపం ఒక్కటే. గుడ్డను అందరి భుజాల మీదా వేసి, ఏ లైట్ల కింద ఆడబోతున్నామో ఆ లైట్ల కిందే చూడండి. తర్వాత వేసుకోబోయే అమ్మాయిని కూడా అడగండి. ఆమెకు ఆ రంగు ఇష్టమైతే ముందు వరసలో నిలబెట్టండి.

— పదకొండవ తరగతి విద్యార్థిని