పొలం బీరులో పొలం ఏది?

హైదరాబాదు బాబుల నోట ఈ మధ్య కొత్త మాట ఒకటి వినబడుతున్నది. కంపెనీ బీరు వారికి వద్దట, "క్రాఫ్ట్ బీరు" కావాలట. అదీ హోటలు మేడమీద కాచింది కాదు. పొలంలోనే బట్టీ పెట్టి, పొలంలోనే కాచి, చెట్లకింద కూచొని తాగేది. సాగర్ రోడ్డులో, ఇబ్రహీంపట్నం దిక్కు అటువంటిది ఒకటి వస్తే ఎంత బాగుంటుందోనని శని, ఆదివారాలు ఫారంహౌసులకు వచ్చే సాఫ్టువేరు యువకులు ముచ్చటించుకుంటున్నారు. ఆ ఫారంహౌసుల్లో గిన్నెలు తోమి, చెట్లకు నీళ్లు కట్టే మనవాళ్లు ఆ మాటలు విని మమ్మల్ని అడిగారు: "ఏందన్నా ఇది? మనకేమన్నా పని దొరుకుతదా?"

ప్రశ్న న్యాయమైనదే. తాగుడు చెడ్డదని ఒక్కముక్కలో తోసెయ్యటం తేలిక. కాని పనిలేక అడ్డామీద నిలబడేవానికి అది జవాబు కాదు. అందుచేత అసలు ఆ బీరులో ఏముంటుందో ముందు చూద్దాం.

బీరుకు బార్లీ గింజ కావాలి. అది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానాలలో చలికాలం పండే పంట. చేదు కోసం హాప్స్ అనే పూత కావాలి. మన దేశంలో అది హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండుతుంది, మిగతాది ఎక్కువగా విదేశాల నుండి వస్తుంది. పులియబెట్టే ఈస్టు పొట్లాల్లో వస్తుంది. మరి మన పొలం నుండి అందులోకి పోయేదేమిటి? నీళ్లు! బాగా నడిచే పెద్ద ఫ్యాక్టరీలో కూడా లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. చిన్న బట్టీలలో ఇంకా ఎక్కువే. బోరు ఎండి మడి పారక నెత్తిన చేతులు పెట్టుకునే రైతు పక్కనే ఈ బట్టీకి బోరు వేస్తారన్నమాట. పొలం పేరు, పొలం నీళ్లు మనవి. గింజ, లాభం, మత్తు మనవి కావు.

ఇది ఇట్లాగే ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలో, 2012లో "ఫారం బ్రూవరీ" చట్టం చేశారు. పొలం పేరుతో లైసెన్సు కావాలంటే మొదట నూటికి 20 వంతులు, 2019 నుండి 60 వంతులు ఆ రాష్ట్రంలో పండిన సరుకే వాడాలని షరతు పెట్టారు. పెట్టుబడిదారీ దేశం పెట్టిన షరతు అది! నైజీరియా ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకు వేసి 1988లో బార్లీ మాల్టు దిగుమతినే నిషేధించింది. పెద్ద పెద్ద బీరు కంపెనీలు గొణుక్కుంటూనే జొన్నలతో, మక్కలతో బీరు కాచటం నేర్చుకున్నాయి. అక్కడ జొన్న రైతుకు గిరాకి పెరిగింది.

జొన్న మనకు తెలియనిదా? మన చెల్కల్లో జొన్న, ఆముదం, కంది కలిసి పెరిగిన రోజులు పెద్దవాళ్లకు యాదికున్నాయి. కలుపు, కోత, కంకి కొట్టటం అన్నీ ఆడవాళ్ల చేతిమీదనే నడిచేవి. పంట ఉంటే కూలి దినాలుండేవి. నగరానికి ఇంకో అంచున, పటాన్‌చెరులో, 1972 నుండి ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ జొన్న మీద పరిశోధనలు చేస్తున్నది. అయినా ఇబ్రహీంపట్నం చెల్కలు ప్లాట్లయిపోయాయి. హద్దురాళ్లు కలుపు తియ్యమని ఎవరినీ పిలవవు గదా!

2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు నియమాలు చేశారు. కానీ బట్టీ ఎవరి గింజ కొనాలి, ఎవరికి పని ఇవ్వాలి అనే ప్రశ్న ఇప్పటికీ చర్చకే రాలేదు. పొలం పేరు వాడుకుంటామని వచ్చేవారిని ఆ ప్రశ్న అడిగి తీరాలె.

ఇంకొక సంగతి. ఈ బాబులు వెతుకుతున్న "పొలంలోనే తయారై, పొలంలోనే తాగే" సరుకు మన ఊళ్లలో ఎప్పటినుండో ఉన్నది. దాని పేరు కల్లు. ఈస్టు పొట్లం అక్కరలేకుండా లొట్టిలో తానే పులుస్తుంది. పొద్దున తియ్యన, మాపటికి పుల్లన. కాని దీన్ని క్రాఫ్ట్ అని ఎవరూ పిలవరు. బీదవాడు తాగేది కదా! 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసివేయించారు, 2014లో మళ్లీ తెరిచారు. ఈ మధ్య చెట్లు ఏమయ్యాయి? ఈతవనాలు, తాళ్లు వెంచర్లకింద పోయాయి. చెట్టు తగ్గి, తాగేవాడు తగ్గక, నడుమ మత్తుమందు వచ్చి చేరింది. డైజిపాం, క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు.  కల్తీ చేసేవాడు దొంగే, శిక్ష పడవలసిందే. కాని చెట్టు నరికి ప్లాటు అమ్మినవాడి పేరు ఏ కేసులోనూ ఎక్కదు.

గీత కార్మికుడి సంగతి వేరే చెప్పాలా? మోకు, ముస్తాదు నమ్ముకొని ఎక్కేవాడు జారితే నడుము విరిగి మంచాన పడటమో, ప్రాణం పోవటమో. 2024 జూలైలో మన ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, ముఖ్యమంత్రి కాటమయ్య రక్షణ కిట్లు ప్రారంభించారు. మంచిదే, అందరికీ అందాలె. కాని కిట్టు కట్టుకొని ఎక్కటానికి చెట్టు కూడా ఉండాలె కదా. "దున్నేవాడికే భూమి, గీసేవాడికే చెట్టు" అన్న నినాదం పాతబడిందని కొందరంటారు. పాతబడింది నినాదం కాదు, చెట్లే కొట్టుడుపోయినయి.

మేము తాగుడుకు వకాల్తా పుచ్చుకోవటం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ మన సంఘాలకు పాఠం. ఆ పోరాటం ఫలితంగానే 1993 అక్టోబరు నుండి సారా నిషేధించారు. మగవాని కూలి ఇంటికి రాకముందే దుకాణానికి పోతే పిల్లలకు బువ్వ ఉండదని వారు చెప్పారు. కొత్త బట్టీ వస్తే దాని పక్కన బెల్టుషాపు పుట్టకుండా చూడవలసింది కూడా మన ఆడవాళ్లే.

ధరల విషయం చూడండి. 2025 జనవరిలో ఒక పెద్ద బీరు కంపెనీ, ధర పెంచలేదనీ బకాయిలున్నాయనీ, తెలంగాణకు సరఫరా ఆపింది. ఫిబ్రవరిలో బీరు ధర నూటికి 15 వంతులు పెరిగింది. అదే ఏడాది ఉపాధి హామీ కూలి 300 నుండి 307 రూపాయలైంది. ఏడు రూపాయలు! కంపెనీ కొన్ని రోజులు సరుకు ఆపితే సర్కారు కదిలింది. మనం ఎన్ని ధర్నాలు చేస్తే ఆ ఏడు రూపాయలు కదిలినయి? నగరంలో ఈ క్రాఫ్ట్ బీరు గ్లాసు ధర మన ఒక్క దినం కూలికి అటూ ఇటూగానే ఉంటుంది.

కనుక బట్టీ పెడతామని ఎవరైనా మన ఊరికి వస్తే గ్రామసభలో అడగవలసినవి ఉన్నాయి. బీరులో సగానికి తక్కువ కాకుండా ఈ జిల్లా జొన్న, సజ్జ, కొర్ర ఉండాలి, అదీ ముందే ఒప్పుకున్న ధరకు కొనాలి. బోరు నీళ్లు ఎన్ని తోడుతున్నారో లెక్క పంచాయతీలో అంటించాలి. మిగిలిన పిప్పి పాడిపశువులకు మంచి మేత, దాన్ని నగరపు దళారీకి కాక ఊరి ఆడవాళ్ల పాడి సంఘాలకు ఇవ్వాలి. పనివాళ్లను ఊరినుండే తీసుకోవాలి, హాజరు పుస్తకం పెట్టి, ఆడకూ మగకూ ఒకే కూలి కట్టాలి. ఆ జాగాలో ఈతచెట్టు గానీ తాటిచెట్టు గానీ ఉంటే నరకకూడదు. అది గీసే హక్కు ఊరి గీత సొసైటీదే. ఇవి ఒప్పుకోనివారు బోర్డు మీద "పొలం" అనే మాట తీసేసి, "బారు" అని రాసుకొని నగరంలోనే పెట్టుకోవచ్చు.

ఫారంహౌసులకు పనికిపోయే అక్కచెల్లెళ్లు ఈ ముచ్చట మళ్లీ వింటే, అది ఏ ఊరి సర్వే నంబరులో పెడతారో, ఆ భూమి ఇంతకుముందు ఎవరు దున్నిందో కనుక్కొని సంఘానికి చెప్పాలె.