కోతా... మేటా

పోయిన ఆదివారం కాఫీ తాగి గళ్లనుడికట్టు ముందేసుకు కూర్చున్నాను. ఆరో అడ్డం దగ్గర పెన్ను ఆగింది. ‘నేల కరిగిపోవడం (4)’. చిన్నప్పటి సాంఘికశాస్త్రం పుణ్యమా అని ‘క్రమక్షయం’ తట్టింది. పైకి చదువుతూ నింపుతుంటే, పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు, ‘‘అంత మాటెందుకమ్మాయ్? కోత అంటే సరిపోదూ! రెండు గళ్లు మిగులుతాయి కూడానూ’’ అన్నారు.

ఆవిడ పుట్టిల్లు గోదావరి లంక. అక్కడ మనిషి కొడవలితో పంట కోసినా కోతే, ఏరు వరదతో పొలం కోసినా కోతే. వరద నీరు ఒడ్డు అడుగున ఇసుకను తొలుచుకుపోతుంది. పైకి చేను నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది. నీరు తీసేటప్పుడు పెళ్లలు పెళ్లలుగా విరిగి, కొబ్బరిచెట్లతో సహా ఏట్లోకి జారిపోతుంది. ఉప్పాడలో ఇదే పని సముద్రం చేస్తుంది. దానికీ పేరు కోతే.

కోతకు జోడీ మేట. ఏరు ఒకచోట తీసుకున్నది ఇంకోచోట దించుతుంది. ఒండ్రు మేటేస్తే కూరగాయలకు ఎరువు అక్కర్లేదు. ఇసుక మేటేసిందా, ఆ రైతు నెత్తిన చేతులు పెట్టుకోవాల్సిందే. లంకలు పుట్టేదీ ఈ మేటలతోనే.

గళ్లు కూర్చేవాళ్లకు మాత్రం సంస్కృతం మీద మోజెక్కువ. ఇసుకకు ‘సికత’, ఇసుకతిన్నెకు ‘పులినం’ రాయమంటారు. సికత నుంచి వచ్చిందే సైకతం. సముద్రపు ఒడ్డున సైకత శిల్పాలంటున్నామే, అవి ఇసుక బొమ్మలే.

రాతికీ కోత తప్పదు, కాకపోతే తీరిగ్గా జరుగుతుంది. ఎర్రమల కొండల్ని పెన్నానది కోసుకుంటూ పోయినచోట ఏర్పడింది గండి. దాని అంచున కట్టారు కాబట్టి గండికోట. చెరువుకట్ట తెగినా గండి పడిందనే అంటాం. నంద్యాల జిల్లా బెలుం గుహల్లో ఇంకో వింత. అక్కడ వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగించింది. 3,229 మీటర్ల పొడవున తొలిచింది. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు.

ఆరో అడ్డంలో క్రమక్షయమే ఉంచాను, గళ్లు నాలుగు కదా! కానీ మనసు అత్తయ్యగారి మాట మీదే ఉంది. 1986 ఆగస్టు వరదలో వాళ్ల పుట్టింటి పొలం అరెకరం కోతకు పోయింది. దాని పట్టా కాయితం ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉంది.

‘‘ఆ మట్టంతా ఏమైందంటారు అత్తయ్యా?’’ అనడిగాను.

‘‘ఏ ఊళ్లో మేటేసిందో, ఎవరు వంగనారు పెట్టుకున్నారో’’ అంటూ చిక్కుడుకాయల పళ్లెం అందుకుని లోపలికి వెళ్లారు.