బుర్ఖా వేసుకుని కేకేస్తే?

వనపర్తిలో మా భాంజా పైథాన్ ప్రోగ్రామ్‌ని టార్ మీదుగా నడిపి, "ఇక నన్నెవరూ చూడరు మామూ" అన్నాడు.

టార్‌లో మూడు మజిలీలు. మొదటిదానికి మనమెవరో తెలుసు, చివరిదానికి ఎక్కడికో తెలుసు. రెండూ తెలిసింది ఏదీ లేదు. కానీ వాడు 'సాక్స్5హెచ్' బదులు 'సాక్స్5' రాశాడు. దాంతో సైటు అడ్రసు టార్ బయటే, మామూలు దారిలో అడిగేసింది ప్రోగ్రామ్. బుర్ఖా వేసుకుని, వెళ్లే ఇల్లెక్కడని గల్లీ మొగదల కేకేసినట్టు! ఆ ఒక్క అక్షరం చేర్పించాను.

"తప్పు చేయకపోతే ఛుపాయించడమెందుకు?" అంటారు గద్వాల, నాగర్‌కర్నూల్ దోస్తులు. ఇంటికి తలుపెందుకు భాయ్? సూరా హుజురాత్ జాసూసీని మనా చేసింది. 2017లో సుప్రీంకోర్టు కూడా ప్రైవసీ ప్రాథమిక హక్కేనంది. వక్ఫ్ జమీను కాగితాలు వెతికే పిల్లాడికీ, తన బీమారీ గురించి చదువుకునే ఆపాకీ ఆ తలుపు కావాలి.