దేనికమ్మా అడ్జస్ట్ అవడం?

ఇంగ్లీషు ముక్క రాని ఇల్లాలికి కూడా బాగా వచ్చిన ఇంగ్లీషు క్రియ ఒకటుంది. అడ్జస్ట్. బళ్ళో ఎవరూ నేర్పరు. పెళ్ళిచూపుల నాటికి దానంతటదే వచ్చేస్తుంది. "మా అమ్మాయి ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోతుందండీ" అంటాడు తండ్రి, పిల్ల గుణాలన్నీ ఆ ఒక్క మాటలోనే వున్నట్టు. "మావాడు ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోతాడండీ" అని మగపెళ్ళివారు అనగా మీరెవరైనా విన్నారా? నేను వినలేదు.

ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం వెలగబెట్టినదాన్ని కనక నిఘంటువు తీసి చూశాను. లాటిన్‌లో 'జుక్స్తా' అంటే పక్కన, చెంత అని. ఫ్రెంచిలోకి వచ్చేసరికి దాన్నుంచి చేర్చడం, కలపడం అనే క్రియ పుట్టింది. పోనుపోనూ, న్యాయం అనే అర్థమున్న 'జస్ట్' పోలిక కూడా దానికి అంటుకుంది. చూశారా, పుట్టుకలో ఎంత మర్యాదస్తురాలో! మన ఇళ్ళల్లోకి అడుగుపెట్టేసరికి చెంతా పోయింది, న్యాయమూ పోయింది.

ఇంగ్లీషువాళ్ళు గడియారాన్ని అడ్జస్ట్ చేస్తారు, కళ్ళజోడుని చేస్తారు, లెక్కల్ని చేస్తారు. ఇన్సూరెన్సువాళ్ళు నష్టమెంతో తేల్చడానికి కూడా అదే మాట. ఒకవేళ మనిషే అడ్జస్ట్ అయినా, పక్కన 'టు' అనే బుల్లి మాట ఒకటి చేరి, దేనికి అన్నది చెప్పిస్తుంది. చలికి, చీకటికి, కొత్త వూరికి. మనదాకా వచ్చేసరికి ఆ 'టు' కాస్తా రాలిపోయింది. పైగా తెలుగులో ఇంగ్లీషు క్రియ నిలబడాలంటే 'చెయ్యి' అనో 'అవు' అనో తోక తగిలించాలి కదా! ఆ తోకల పంపకం గమనించారా? ఆయన సెలవులు అడ్జస్ట్ చేస్తాడు, డబ్బు అడ్జస్ట్ చేస్తాడు. ఆవిడ అడ్జస్ట్ అవుతుంది.

"సర్దుకుపోవడం అని మనకి మాట లేదా, పాపం ఇంగ్లీషునెందుకు తిడతారు?" అనకండి. వుంది. కానీ మన 'సర్దు'కి చేతులున్నాయండీ. బట్టలు సర్దుతాం, పెట్టె సర్దుకుంటాం, పక్కింటావిడకి ఒకటో తారీఖు దాకా ఓ అయిదొందలు సర్దుతాం, పోట్లాడుకున్న పిల్లలకి సర్దిచెబుతాం. దాని వెనకాల 'పోవడం' అతికించినప్పుడే వచ్చింది చిక్కంతా.

కుట్టుమిషను వున్నవాళ్ళకి అసలైన అడ్జస్ట్‌మెంటు నేను చెప్పక్కర్లేదు. పైదారం బిగువెక్కువైతే అడుగున వున్న బాబిన్ దారాన్ని పైకి లాక్కొచ్చేస్తుంది. పైది మరీ వదులైతే అడుగున వుచ్చులు వుచ్చులుగా పడుతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో కలిస్తేనే కుట్టు. అందుకే స్క్రూ కాస్త ఇటూ అటూ తిప్పి, చిన్న పేలిక మీద కుట్టి చూసుకుంటాం. తెగిన దారాన్ని పట్టుకుని "నువ్వే అడ్జస్ట్ అవ్వాలి తల్లీ" అని బుద్ధి చెప్పే దర్జీని నేనింతవరకూ చూడలేదు.

రైల్లో ముగ్గురి సీటు దగ్గరికి నాలుగో ఆవిడ వచ్చి "కాస్త అడ్జస్ట్ అవండమ్మా" అంటే నేనూ జరుగుతాను. ఆవిడ స్టేషను రాగానే దిగిపోతుంది. కాపురంలో ఆ స్టేషను పేరు ఎవరూ చెప్పరే!

ఈ మాట ఎంతదూరం పోయిందో చూడండి. మలయాళ సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ళ స్థితిగతుల మీద జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటపడింది. ఆ రంగంలో ఆడవాళ్ళకి బాగా పరిచయమైన మాటలంటూ అందులో రెండు రాశారు. 'కాంప్రమైజ్', 'అడ్జస్ట్‌మెంట్'. వాటి అర్థం నేను విప్పి చెప్పనక్కర్లేదు. ఇంట్లో అమ్మ నోట రోజూ విన్న మాటే పరాయివాడి నోట వస్తే, పాపం ఆ పిల్ల వెంటనే వులిక్కిపడుతుందా?

పుట్టింటికి ఏడుస్తూ వచ్చిన పిల్లని మళ్ళీ బస్సెక్కించేది కూడా చాలా ఇళ్ళల్లో ఈ ఒక్క మాటే. వీపు మీద వాతలు చూశాక కూడా అంటారు. భార్యని హింసిస్తే శిక్షించే 498ఎ సెక్షన్ 1983లో వచ్చింది. ఇప్పుడది కొత్త న్యాయ సంహితలో 85వ సెక్షన్. 2005లో గృహహింస చట్టమూ వచ్చింది. కానీ ఆ పిల్ల అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు అమ్మ మాట దాటాలి, నాన్న మాట దాటాలి, పెదనాన్నగారి మాట దాటాలి.

అందుకని, ఎవరైనా అడ్జస్ట్ అవ్వమంటే, రాలిపోయిన ఆ 'టు'ని తెచ్చి అతికించమనండి. దేనికి? అత్తగారు కారం తినలేరా? సరే. ఆయనకి దీపం వుంటే నిద్రపట్టదా? అదీ సరే, మనకీ నిద్ర కావాలిగా. తాగొచ్చి చెయ్యిచేసుకుంటాడా? అయితే వాక్యం పూర్తిగా పలకమనండి పెద్దవాళ్ళని. "తాగి కొడితే, ఆ దెబ్బలకి అడ్జస్ట్ అవ్వమ్మా" అనడానికి కన్నతల్లికి నోరు రాదు. సగం వాక్యం కనకే ఇన్నాళ్ళూ అనగలుగుతోంది.

ఇప్పుడు నడుస్తున్న నా సీరియల్లో కథానాయికని కాస్త సర్దుకోమని చెప్పమంటూ వుత్తరాలు వస్తున్నాయి. రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కథ ముందే చెప్పేశానని సంపాదకులు కోప్పడితే పడనివ్వండి. వచ్చేవారం ఆ అమ్మాయి సర్దుకుంటోంది, పెట్టె.