కారు ఇంజిన్‌కి బైకు ఊపిరి!

ఇంగ్లండ్‌లో శనివారం వస్తే చాలు... కొన్ని ఇళ్ల గ్యారేజీల్లోంచి పానాల చప్పుడు మొదలవుతుంది. లోపల ఓ పాత కారు, బానెట్ ఊడదీసి ఉంటుంది. పక్కన బల్ల మీద గుడ్డ పరిచి, దానిమీద వరసగా నాలుగు పొట్టి గొట్టాలు. అవి కారువి కావు. దెబ్బతిని తుక్కు కిందికి పోయిన ఏ సుజుకీ బైకు నుంచో విప్పుకొచ్చినవి. వాటిని కారు ఇంజిన్‌కి బిగించాలన్నది ఆ ఇంటాయన పట్టుదల. బైకు సామాను కారుకా... అని నవ్వకండి. అక్కడిది ఏళ్ల తరబడి నడుస్తున్న సరదా!

కారులో ఎక్సలేటర్ తొక్కితే ముందుగా తెరుచుకునేది గాలి తలుపు. గొట్టంలో ఉన్న గుండ్రటి రేకు తిరిగి గాలికి దారిస్తుంది. అదే థ్రాటిల్ బాడీ. మామూలు కారులో నాలుగు సిలిండర్లకీ కలిపి ఇది ఒక్కటే. నాలుగు గదుల ఇంటికి ఒకటే వీధిగుమ్మం ఉన్నట్టు, గాలి ముందు హాల్లోకి వచ్చి అక్కణ్నుంచి గదుల్లోకి వెళ్లాలి. నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైకులో అలా కాదు. ఏ గదికి ఆ గుమ్మమే. అందుకే చెయ్యి ఇలా తిప్పితే బండి అలా దూకుతుంది.

కార్లలో ఈ పద్ధతి అసలు లేదని కాదు. 1986లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3కి, 1991 నాటి టయోటా 20 వాల్వుల ఇంజిన్‌కి నాలుగేసి థ్రాటిళ్లున్నాయి. కానీ ఖర్చు, చప్పుడు, పొగ నిబంధనలు... ఇన్ని తలనొప్పులు మామూలు కారుకెందుకని కంపెనీలు వదిలేశాయి. కారు కోసమే చేసిన సెట్టు విడిగా కొందామంటే బ్రిటన్‌లో వెయ్యి పౌండ్ల పైమాట. తుక్కులో దొరికే బైకు సెట్టుకి అందులో చిన్న వంతు చాలు.

ఎక్కువమంది చూపు సుజుకీ మీదే. జీఎస్ఎక్స్-ఆర్750కి 1998లో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ మరుసటేడాదే హయబూసా. 1300 సీసీ ఇంజిన్‌తో అది 170 పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తే, 2005లో మన దగ్గరికొచ్చిన 1300 సీసీ స్విఫ్ట్ ఇచ్చింది 87. అలాగని స్విఫ్ట్‌కి ఆ గొట్టాలు తగిలిస్తే హయబూసా అయిపోతుందా? కాదు. నిమిషానికి పదివేల చుట్లకి దగ్గరగా తిరిగి బైకు ఆ బలం తెస్తుంది. కామ్‌షాఫ్ట్, హెడ్ ముట్టుకోకుండా గుమ్మాలు మాత్రమే మారిస్తే పెరిగే బలం కొంచెమే. మారేది తొక్కగానే అందుకునే చురుకు, ఇంకా ఆ గాలి పీల్చే గర్జన. నిజం చెప్పాలంటే సగం మంది ఆ గర్జన కోసమే ఇదంతా చేస్తారు!

పని మొదలెట్టగానే మొదటి చిక్కు దూరం. బైకు గొట్టాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, కారు ఇంజిన్ రంధ్రాలు ఎడంగా ఉంటాయి. గొట్టాలు విడదీసి, లేత్ మీద కొత్త కడ్డీలు చేయించి ఎడం చెయ్యాలి. లేదంటే వంపు తిరిగిన మానిఫోల్డ్ వెల్డింగ్ చేయించాలి. మధ్యలో రబ్బరు గొట్టాలు. అక్కడ సన్నటి పగులున్నా లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది, పెట్రోలు పల్చబడుతుంది, ఆ వేడికి పిస్టనే పాడైపోవచ్చు.

పాత మినీ కారైతే చిక్కు రెట్టింపు. 1959 నుంచి 2000 దాకా వచ్చిన ఆ బుల్లి కారు ఇంజిన్‌లో రెండేసి సిలిండర్లకి ఒకే గాలి రంధ్రం. జంటలో ముందు పీల్చేది పెట్రోలు ఎక్కువ లాగేసుకుంటుంది, రెండోదానికి కొరత. ఒక కంచంలో ఇద్దరు పిల్లలకి పెట్టినట్టే! దాన్ని సరిచెయ్యాలంటే పెట్రోలు ఏ క్షణంలో చిమ్మాలో కంప్యూటర్‌కి నేర్పాలి. 2000 దశకం మొదట్లో అమెరికాకి చెందిన బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో 'మెగాస్క్విర్ట్' అనే కంప్యూటర్ని సొంతంగా సోల్డరింగ్ చేసుకునే కిట్‌గా అందించాక ఇంట్లో కూర్చుని చేసేవాళ్లకి ధైర్యమొచ్చింది.

ఇంతా చేసి, ఇంజిన్ మోగగానే ఎగిరి గంతేసి రోడ్డెక్కితే ప్రాణం మీదికొస్తుంది. ఎందుకంటే పెట్రోలు కారులో బ్రేకు తేలిగ్గా పడటానికి సాయపడేది ఇంజిన్ గాలి పీల్చినప్పుడు పుట్టే వ్యాక్యూమే. ఒక్క గొట్టం నుంచే దాన్ని తీసుకుంటే అది కుదుపులు కుదుపులుగా వస్తుంది, చాలదు. రెండుసార్లు తొక్కేసరికి పెడల్ బండరాయిలా బిగుసుకుపోతుంది. కాబట్టి నాలుగు గొట్టాల నుంచీ సన్నటి పైపులు తెచ్చి ఒక చిన్న డబ్బాలో కలపాలి, బ్రేకు వైపు వెళ్లే పైపుకి గాలి వెనక్కి రాకుండా వాల్వు పెట్టాలి. ఎక్సలేటర్ తీగ పనీ అంతే శ్రద్ధగా చెయ్యాలి. కాలు తీసినా రేకు మూసుకోకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా! గట్టి స్ప్రింగు తప్పనిసరి.

ఆఖరున నాలుగింటినీ సమానంగా సర్దడం. నాలుగు మీటర్లు తగిలించి, స్క్రూ రవ్వంత తిప్పి చూస్తూ, మళ్లీ తిప్పుతూ... ఒక మధ్యాహ్నమంతా ఇదే పని. తర్వాత బీమా కంపెనీకి చెప్పాలి, ఏటా జరిగే ఎంవోటీ పరీక్షలో పొగ లెక్క సరిపోవాలి.

మరి మన దగ్గర? తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. అందుకే ఇలాంటి సరదాలు ఇక్కడ రేసు ట్రాకులకే పరిమితం. ఇంజినీరింగ్ కాలేజీల కుర్రాళ్లు ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం బైకు ఇంజిన్‌తో ఏకంగా చిన్న రేసు కారే కడతారు. అక్కడి నిబంధన మాత్రం తలకిందులు. ఎన్ని సిలిండర్లున్నా సరే, పెట్రోలు ఇంజిన్ పీల్చే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల ఒకే ఒక్క రంధ్రంలోంచి వెళ్లాలి!