గట్టు మీద ఆర్కిడ్

ఆర్కిడ్ అనగానే మనకి గుర్తొచ్చేది రిసెప్షన్ స్టేజీ మీద పెట్టే ఊదారంగు పూలే. దాంతో ఆర్కిడ్ అంటే ఖరీదైన వ్యవహారం అని బుర్రలో పడిపోయింది. కానీ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, తడి గడ్డిలో మీ చెప్పుల పక్కనే ఒకటి పూసి ఉండొచ్చు.

నాకు మొన్న జనవరిలో కనిపించింది. మాది గుడివాడ. బందరులో ఫ్రెండ్‌ని బైక్ ఎక్కించుకుని అవనిగడ్డ దగ్గర బాబాయ్ వాళ్ల పొలానికి వెళ్లా. వరి కోతలైపోయి చేలన్నీ మినుము. గట్ల మీద మాత్రం ఇంకా తడి ఉంది. అక్కడే గరిక మధ్యలో జానెడు కూడా లేని మొక్కలు గుంపుగా నిలబడి ఉన్నాయి.

పేరు జ్యూక్సిన్ స్ట్రాట్యుమాటికా. నోరు తిరక్కపోతే ‘సోల్జర్స్ ఆర్కిడ్’ అనుకోండి. గ్రీకులో స్ట్రాట్యుమా అంటే సైన్యం. శ్రీలంక మొక్కని ఆధారం చేసుకుని 1753లో లిన్నేయస్ దీనికి ఆ పేరు పెట్టాడు.

నిలబడి చూస్తే గడ్డే. కూర్చుని చూడండి. ఆకులు సన్నగా, తొడిమ లేకుండా కాడని పట్టుకుని ఉంటాయి. ఎండ తగిలిన చోట కాస్త రాగి రంగుకి తిరుగుతాయి. కాడ గడ్డిలా పీచుగా కాక రసంగా ఉంటుంది. కొసన ఒత్తుగా చిన్న కంకి. ఒక్కో పువ్వు వడ్లగింజంత కూడా ఉండదు, తెల్లగా ఉంటుంది. ఫోన్‌లో జూమ్ చేస్తే తెలుస్తుంది అసలు సంగతి: మూడు రేకుల్లో ఒకటి వేరే ఆకారంలో, పసుపు రంగులో ఉంటుంది. దాన్నే లిప్ అంటారు. స్టేజీ మీద పూలకీ అదే డిజైన్!

గింజలు దుమ్ములాంటివి. మన మినప గింజకి పప్పు ఉన్నట్టు వీటికి లోపల తిండి ఉండదు. మట్టిలో సరైన బూజు దొరికితేనే దాని నుంచి తిండి లాక్కుని మొలుస్తాయి. మా భాషలో చెప్పాలంటే, లైబ్రరీలు లేకుండా పంపిన కోడ్ అన్నమాట. సర్వర్‌లో అవి ఉంటేనే రన్ అవుతుంది. అందుకే పీక్కొచ్చి బాల్కనీ కుండీలో పెట్టే ఆలోచన వద్దు. ఇంకో పక్క, పరాగసంపర్కం లేకుండానే ఇది గింజ కట్టగలదు. తేనెటీగ కోసం ఎదురుచూడక్కర్లేదు. 1946లో బి.జి.ఎల్. స్వామి దీని పిండం ఎలా తయారవుతుందో వివరంగా రాశారు. ఈయన కన్నడ రచయిత డి.వి.జి. గారి అబ్బాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇది మొదట 1936లో కనిపించింది. లాన్ గడ్డి విత్తనాలతో కలిసి వెళ్లిందని అంచనా. వీసా గొడవ లేదు.

ఇంత మొండి మొక్కకి మన దగ్గర ఏం కష్టం అంటే, గడ్డిమందు. పూత శీతాకాలంలో. కాయ పండాక మొక్క చాలామటుకు ఎండిపోతుంది. మరుసటి ఏటికి మిగిలేది ఆ గింజలు, మట్టిలో ఉన్న దుంపకాడ ముక్కలు. కాయ పగలకముందే మందు కొడితే ఆ ఏటి గింజ పోయినట్టే. గట్టునే చెక్కి చేలో కలిపేస్తే, చెరువు తవ్వేస్తే ఇక అసలు లేదు.

బాబాయ్ ఆ వారంలోనే మందు కొట్టాలనుకుంటున్నాడు. చూపించా.

“ఇదా? గడ్డేగదరా!”

“కాదు బాబాయ్, ఆర్కిడ్. ఒక్క నెల ఆగు.”

“గట్టు మీద గడ్డుంటే ఎలకలు చేరతాయి. మినుము నువ్వు కాస్తావా హైదరాబాద్ నుంచి?”

ఆయన మాటలో తప్పు లేదు. గుబురుగా ఉన్న గట్టులో ఎలకలు బొరియలు పెడతాయి, మందుకన్నా కూలీల ఖర్చు ఎక్కువ. కానీ ఈ మొక్కలున్నది గట్టంతా కాదు, నీళ్ల బోదె పక్కన ఓ పది గజాలు. అక్కడ మటుకు మందు వద్దు, కాయలు ఎండాక కొడవలితో కోయించండి, కూలి నేను పంపుతా అన్నా. కాసేపు గొణిగాడు. తర్వాత రెండు వెదురు పుల్లలు తెచ్చి ఈ చివరొకటి, ఆ చివరొకటి గుచ్చాడు.

“ఫిబ్రవరి ఆఖరు దాకానే. ఎలక కనిపించిందా, ఫోన్ కూడా చెయ్యను.”